బొమ్మ చెయ్యి ఎత్తుటకు అనుమతి కోరుట – గురించి

మా సంస్థలో వస్తువులు కదలవు. ఇది నిష్ఠూరంగా అంటున్న మాట కాదు. ఇరవై రెండేళ్లుగా స్టోరు చూస్తున్నవాడిగా గర్వంగా చెప్పుకుంటున్న మాట. ఏ బీరువా ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటుంది. కాలు విరిగిన స్టూలు కూడా విరిగిన చోటే ఉంటుంది.

కాకినాడలో రైల్వే గేటు దాటాక ఎడమ చేతివైపు కనిపించే పసుపుపచ్చ మేడ మాది. పేరు బోధనోపకరణముల తయారీ మరియు వితరణ సంస్థ. బడులకు కావలసిన గుండెలు, మూత్రపిండాలు, దవడలు మేమే చేసి పంపుతాం. మీరు చిన్నప్పుడు బడిలో పొట్ట తెరుచుకుని వెల్లకిలా పడుకున్న ప్లాస్టరు కప్పను చూసి ఉంటే, అది మా నూకరాజు చేతి కప్పే అయి ఉండవచ్చు.

నూకరాజు మా మోడల్ మేకరు. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆయన ప్లాస్టరు కలిపి అచ్చుల్లో పోశాడు. ఆయన చేసిన గుండె కొట్టుకోలేదు, కప్ప గెంతలేదు. మనిషి దానికేమీ బాధపడినట్టు కనపడేవాడు కాదు. ఒకసారి మాత్రం, టీ తాగుతూ తాగుతూ గ్లాసు పక్కన పెట్టి, "సోమయాజులుగారండీ, ఇన్నేళ్లు చేశాను గానండి, నే చేసిందేదీ ఒక్కసారైనా కదలగా చూళ్లేదండి," అన్నాడు. నేను ఆ మాటను మెచ్చుకోలు కింద తీసుకున్నాను. స్టోరు మనిషికి అంతకంటే కావలసిందేముంది?

ఆ జనవరిలో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. బడిపిల్లలు సందేహాలు అడగడానికి జంకుతున్నట్లు ప్రభుత్వం వారి దృష్టికి వచ్చినదట. కావున పిల్లలలో ప్రశ్నించు అలవాటును పెంపొందించు నిమిత్తం ఒక చిన్న చిత్రం తయారుచేసి అన్ని పాఠశాలలకు పంపవలెనట. సదరు చిత్రంలో ఒక బాలిక చెయ్యి ఎత్తి ప్రశ్న అడగవలెనట. ప్రశ్న ఏమిటన్నది ఉత్తర్వులో లేదు.

ఈ పని ఎవరు చేస్తారని డైరెక్టరు చక్రధరంగారు మీటింగులో అడిగితే అందరం బల్లకేసి చూశాం. నూకరాజు ఒక్కడే లేచాడు. "నే చేస్తానండి. బొమ్మ చేసి, కూసింత కూసింత కదుపుతా ఫొటోలు తీస్తే, అన్నీ వరసాగ్గా ఆడిస్తే నడుస్తాదండి బొమ్మ. నాకు తెలుసండి, నేర్చుకున్నానండి," అన్నాడు. ఎక్కడ నేర్చుకున్నాడో ఎవరూ అడగలేదు. జూన్ ముప్ఫయ్యో తారీఖున ఆయన రిటైర్మెంటు. ఆలోపల తన చేతి బొమ్మ ఒకటి కదలడం కళ్లతో చూడాలని ఆయన కోరిక. అది ఆయన పైకి చెప్పలేదు గానీ, మొహం చూస్తే నాకు తెలిసిపోయింది.

బొమ్మ చెయ్యడానికి రెండు నెలలు పట్టింది. ముందు అల్యూమినియం తీగను రెండు పేటలుగా పురిపెట్టి ఎముకల గూడు కట్టాడు. మోచేతుల దగ్గర, మోకాళ్ల దగ్గర తీగ వదిలేసి, మధ్యలో నీళ్లగొట్టాలు అతికే జిగురు ముద్ద పెట్టి గట్టిచేశాడు. దాని చుట్టూ స్పాంజి చుట్టాడు. తల పొణికి చెక్కతో చెక్కాడు. అరికాళ్లలో నట్లు బిగించాడు, బల్ల కిందనుంచి మర వేసి బిగిస్తే బొమ్మ ఒంటికాలి మీదైనా నిలబడేటట్టు. కనురెప్పలు మైనం కలిపిన రంగు మట్టితో చేశాడు. నోళ్లు తొమ్మిది చేశాడు. మూసుకున్నది ఒకటి, తెరిచింది ఒకటి, 'అ' అనేది, 'ఓ' అనేది, ఇలా. మాట మాటకీ ఒక నోరు తీసి ఇంకోటి అంటించాలట. నీలం గౌను, తెల్ల చొక్కా వాళ్లావిడ కుట్టింది. జానెడున్నర పొడుగు. రెండు జడలు. పేరు బంగారి.

నిజం చెప్పొద్దూ, ముద్దొచ్చింది. స్టాకు రిజిస్టరులో ఎక్కించడానికి నా బల్ల మీద నిలబెట్టినప్పుడు ఐదు నిమిషాలపాటు పెన్ను ముట్టుకోలేకపోయాను. తరవాత తేరుకుని రాశాను. "బాలిక – 1. నోళ్లు – 9. స్థితి: రెండు చేతులు క్రిందికి."

ఇక్కడ మా కదలిక నిబంధన గురించి చెప్పాలి. పూర్వం ఒక డైరెక్టరుగారు బదిలీ అయి వెళ్లినప్పుడు ఆయనతోపాటు ఒక సోఫా కూడా బదిలీ అయింది. అప్పట్నుంచి సంస్థకు చెందిన ఏ వస్తువునైనా, పూర్తిగా గానీ పాక్షికంగా గానీ, ఉన్న స్థానం నుండి కదల్చునప్పుడు ముందుగా కదలిక చీటీ రాసి డైరెక్టరుగారి సంతకం పొందాలి. సోఫా తిరిగి రాలేదు గానీ నిబంధన ఉండిపోయింది.

ఏప్రిల్ మొదటివారంలో నేను మోడల్ గది వైపు వెళ్లేసరికి నూకరాజు బంగారి కుడి చెయ్యి పట్టుకుని ఉన్నాడు. బంగారి బల్లకి మరల మీద నిలబడి ఉంది. ఎదురుగా కెమెరా, పక్కన రెండు దీపాలు.

"చీటీ ఏది?" అన్నాను.

"ఏం చీటీ అండి?"

"కదలిక చీటీ. మీరిప్పుడు సంస్థ వస్తువును పాక్షికంగా కదుపుతున్నారు."

నూకరాజు నవ్వాడు. నేను నవ్వలేదు. కొంతసేపటికి ఆయన కూడా నవ్వు ఆపాడు.

"సోమయాజులుగారండీ, ఇది వెంట్రుకవాసి కదలికండి. ఇలాంటివి సెకనుకి పన్నెండుంటాయండి."

"అయితే పన్నెండు చీటీలు," అన్నాను. ఆ పూటే ఫైలులో నోట్ పెట్టాను. చూశారా, దీనికంతటికీ మూలం నా నోటే. ఎవరిమీదకో తోసేసే ఉద్దేశం నాకు లేదు. 'బాలిక (బొమ్మ) యొక్క కుడి హస్తము కదల్చబడుచున్నందున, కదలిక నిబంధన వర్తించునా లేదా అను విషయము తమ ఆదేశము నిమిత్తం సమర్పించడమైనది' అని రాశాను. బాగా కుదిరిన నోటని అప్పట్లో ఇంటికెళ్లి మా ఆవిడకి కూడా చెప్పాను.

చక్రధరంగారు ఆ నోట్ చదివి ఆనందంతో కుర్చీలోంచి లేచారు. ఆయనకి కొత్తగా పారదర్శకత పట్టుకుంది. ఆఫీసు తలుపులకి కర్ర చెక్కలు తీయించి అద్దాలు పెట్టించింది ఆయనే. ఆ అద్దాలకి గుద్దుకుని ఇద్దరికి ముక్కులు పగిలాయి.

"సోమయాజులుగారూ, మీరు గమనించారో లేదో. దేశంలో ఎన్ని సినిమాలు తీస్తున్నారు? ఏ ఒక్కదానిలోనైనా, ఏ కదలిక ఎవరి అనుమతితో జరిగిందో రికార్డు ఉందా? లేదు. మొట్టమొదటిసారిగా ప్రతి కదలికకూ జవాబుదారీతనం వహించే చిత్రాన్ని మనం ప్రజలకు అందించబోతున్నాం."

ఆయన స్వయంగా చీటీ నమూనా తయారుచేశారు. పోస్టుకార్డు మందం అట్ట. వస్తువు పేరు, ఎక్కడి నుండి, ఎక్కడికి, కారణము, సంతకము. కింద కుడివైపు మూలన, కదిలిన తరవాత తీసిన ఫొటో అంటించాలి. అన్నీ వరస నంబర్లతో, ఎడమవైపు పై మూలన ట్యాగు వేసి ఫైలు చెయ్యాలి.

మొదటి చీటీ నూకరాజు ఇలా రాశాడు. "కుడి చెయ్యి. తొడ దగ్గర నుండి, తొడకి కాస్త పైకి. కారణము: చెయ్యెత్తడానికి." అది మర్నాడు ఎర్రసిరాతో తిరిగొచ్చింది. 'కాస్త అనగా ఎంత?' నూకరాజు స్కేలు పెట్టి కొలిచి రెండు మిల్లీమీటర్లు అని రాసిచ్చాడు. అది మూడోనాడు తిరిగొచ్చింది. 'చెయ్యి ఎందుకు ఎత్తుచున్నది?' ప్రశ్న అడగడానికని రాశాడు. మళ్లీ వచ్చింది. 'ఏ ప్రశ్న?'

ఈసారి ఆయన చీటీ పట్టుకుని డైరెక్టరుగారి గదికి వెళ్లాడు. వెనకాల నేనూ వెళ్లాను.

"సార్, ప్రశ్న ఏదో ఇంకా అనుకోలేదండి. ముందు చెయ్యి లేస్తే, తరవాత అడుగుద్దండి."

"అదెలా కుదురుతుంది నూకరాజూ? అడగబోయే ప్రశ్న ఏమిటో తెలియకుండా చెయ్యి ఎత్తడానికి నేనెలా అనుమతిస్తాను? రేపు అది అడగకూడని ప్రశ్న అడిగిందనుకో. చెయ్యి ఎత్తడానికి సంతకం పెట్టింది ఎవరు? నేను."

"చిన్నపిల్లండి. ఆకాశం నీలంగా ఎందుకుంటాది అనో ఏదో అడుగుద్దండి."

"దానికి సమాధానం మన సంస్థ పరిధిలోది కాదు. వాతావరణ శాఖ వారి అభిప్రాయం తీసుకోవాలి."

చివరికి ఇద్దరికీ రాజీ కుదిరింది. బంగారి చెయ్యి మాత్రం ఎత్తుతుంది. ప్రశ్న అడగదు. మూసుకున్న నోరొక్కటే వాడతారు. మిగతా ఎనిమిది నోళ్లూ నేను కవర్లో పెట్టి, లక్క వేసి, బీరువాలో పెట్టాను. పిల్ల నోళ్లకి వేసిన మొదటి సీలు వంకరగా పడింది. లక్క మంచిది కాదనుకున్నాను.

నూకరాజు లెక్క ప్రకారం చెయ్యి లేవడానికి ఎనిమిది సెకన్లు. అంతసేపెందుకని అడిగాను. "భయపడతా భయపడతా ఎత్తుద్దండి. ముందు ఇలా తొడ మీదే ఉంటాది. పక్కపిల్లలు చూస్తన్నారేమో అని ఆగుద్ది. మళ్లీ లేపుద్ది. మా మనవరాలు అచ్చం అలాగే ఎత్తుద్దండి బళ్లో," అన్నాడు. ఎనిమిది సెకన్లంటే తొంభై ఆరు కదలికలు. రోజుకి ఒకటో రెండో చీటీలు సంతకమై వచ్చేవి. డైరెక్టరుగారు రాజధానికి వెళ్లినప్పుడు ఒక్కటీ వచ్చేది కాదు. ఆయన పదకొండు రోజులు సెలవు పెట్టినప్పుడు బంగారి చెయ్యి నడుము దగ్గర గాలిలో పదకొండు రోజులు ఉండిపోయింది. నూకరాజు రోజూ పదిన్నరకి వచ్చి, ఎదురుగా కూర్చుని, సాయంత్రం ఐదింటికి వెళ్లిపోయేవాడు.

ఈ మధ్యలో ఇంకో చిక్కు వచ్చింది. ఫొటోలు కెమెరాలోనే ఉండిపోతున్నాయని ఎవరో గమనించారు. ఎవరో అంటే నేనే. మైనరు బాలిక చిత్రాలను సంరక్షకుల సమ్మతి లేకుండా భద్రపరచరాదని సర్క్యులరు ఉంది. నూకరాజుని సంరక్షకుడిగా సంతకం పెట్టమన్నాం. బంధుత్వం అనే చోట ఆయన 'చేసినవాణ్ణి' అని రాశాడు. ఆ బంధుత్వం పట్టికలో లేదు. కాబట్టి ప్రతిరోజూ సాయంత్రం ఒక ప్రింటు తీసి చీటీకి అంటించి, కెమెరాలోది చెరిపెయ్యాలని ఆదేశం అయింది.

"చెరిపేస్తే సినిమా ఎలాగవుద్దండీ?" అన్నాడు నూకరాజు.

"చీటీలున్నాయిగా. అవి శాశ్వత రికార్డు," అన్నారు చక్రధరంగారు.

ఆ మాట విని నూకరాజు ఇక మానేస్తాడనుకున్నాను. మానలేదు. "చెయ్యైతే లేస్తాది కదండీ. అది చాలండి నాకు. నా కళ్లతో నేను చూసుకుంటానండి," అన్నాడు.

మే నెల మూడోవారంలో ఎండలు మండిపోయాయి. కరెంటు పొదుపు కింద మోడల్ గదిలో ఫ్యాను కూడా ఆపించారు. సోమవారం తలుపు తీసేసరికి బంగారి కుడి కన్ను సగం మూసుకుని ఉంది. మైనం కరిగి రెప్ప జారింది. అంతకుముందటి చీటీలో ఫొటోకి, ఇప్పటి స్థితికి ఒకటిన్నర మిల్లీమీటరు తేడా. చీటీ లేని కదలిక.

విచారణకి హెడ్డాఫీసు నుంచి డాక్టర్ హైమవతిగారు వచ్చారు. ఆవిడది మానవ వనరుల విభాగం. బంగారిని బల్ల మీద ఉంచి, ఎదురుగా ఆవిడ, పక్కన డైరెక్టరుగారు, చివర మినిట్స్ రాసుకుంటూ నేను. నూకరాజు నిలబడ్డాడు.

"సదరు కనురెప్పను మీరు కదిపారా?"

"లేదండమ్మా. ఎండకి జారిందండి."

"అంటే తనంతట తానే కదిలిందని మీ వాంగ్మూలమా?"

"బొమ్మండమ్మా. తనంతట తనెలా కదుల్తాది?"

"అదే మేము తేల్చవలసిన అంశం," అన్నారు హైమవతిగారు. "మీరు కదపలేదంటున్నారు. అది కదలలేదంటున్నారు. కానీ కదలిక ఉంది. బాధ్యత ఎవరిమీదైనా ఉండాలి కదా?"

మూడు గంటలు కూర్చున్నారు. మధ్యలో భోజనాలయ్యాయి. నిర్ణయం ఏమిటంటే, బాలిక విధి నిర్వహణ సమయంలో కునికినట్లుగా కనిపిస్తున్నదని, ఇది మొదటి తప్పిదం కనుక హెచ్చరికతో సరిపెట్టవచ్చునని. హెచ్చరిక కాగితం బంగారికి అందజేసి రసీదు తీసుకోవాలి. సంతకం చేయించాలంటే చెయ్యి కదపాలి, చెయ్యి కదపాలంటే చీటీ కావాలి. అందుకని కాగితాన్ని బొమ్మ కాళ్ల దగ్గర అతికించి, 'అతికించడమైనది' అని నేను ధ్రువీకరించాను. రెప్పను పైకి లేపడానికి వేరే చీటీ పెట్టాం. దానిలో కారణం అన్నచోట నూకరాజు 'మేలుకొల్పడానికి' అని రాశాడు. అది మాత్రం ఒకే రోజులో ఆమోదమై వచ్చింది.

అలా జూన్ ఇరవై తొమ్మిదికి ఎనభై నాలుగు చీటీలయ్యాయి. చెయ్యి చెవి దాకా వచ్చింది. ఇంక పన్నెండు మిగిలాయి. ఆ పన్నెండూ నూకరాజు ఒకేసారి రాసి, ఒక్కొక్కటీ కొలతలతో సహా, డైరెక్టరుగారి బల్ల మీద పెట్టి వచ్చాడు. "ఇంకొక్క సెకనండి," అన్నాడు నాతో. ఆయన మొహం వెలిగిపోతోంది. మర్నాడు రిటైర్మెంటని కూడా మర్చిపోయినట్టున్నాడు.

నేను మర్చిపోలేదు. రిటైరయ్యే ఉద్యోగి తన వద్దనున్న వస్తువులను, స్టాకు రిజిస్టరులో నమోదైన స్థితిలోనే, తిరిగి అప్పగించాలి. బంగారి నమోదైన స్థితి ఏమిటో నా చేత్తో నేనే రాశాను. రెండు చేతులు క్రిందికి.

ముప్ఫయ్యో తారీఖు ఉదయం చక్రధరంగారు ఆ పన్నెండు చీటీలనూ అలాగే తిరిగిచ్చేశారు.

"నూకరాజూ, ఇవాళ నువ్వు పైకెత్తడానికి అనుమతి అడుగుతున్నావు. సాయంత్రం కల్లా కిందికి దించి అప్పగించాలి. ఎలాగూ దించవలసిన చెయ్యిని ఎత్తడం వ్యర్థ కదలిక కిందికి వస్తుంది. పైగా నీ గురించి ఆలోచించే ఒక వెసులుబాటు ఇచ్చాను. దించడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. చీటీలు రాసి, ఫొటోలు అంటిస్తే చాలు."

"సార్, పన్నెండేనండి. అరగంట పనండి."

"నువ్వు ఈ సంస్థలో ముప్ఫై ఒక్క ఏళ్లు మచ్చ లేకుండా పనిచేశావు. ఆఖరి రోజున అరగంట కోసం చెడ్డపేరు తెచ్చుకుంటావా?"

నూకరాజు ఆ చీటీలు తీసి జేబులో పెట్టుకున్నాడు. గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. ఒక్క లాగు లాగి చెయ్యి దించేస్తాడనుకున్నాను. అలా చెయ్యలేదు. అల్యూమినియం తీగ, ఒక్కసారే వంచితే మోచెయ్యి దగ్గర తెగిపోద్దండి అని చెప్పాడు తరవాత. రెండేసి మిల్లీమీటర్లు, ఎత్తినంత జాగ్రత్తగానూ దించాడు. ఎనభై నాలుగు ఫొటోలు, ఎనభై నాలుగు చీటీలు. అన్నం తినలేదు. నాలుగింటికి బంగారిని మరలు విప్పి తెచ్చి నా బల్ల మీద నిలబెట్టాడు. రెండు చేతులు క్రిందికి. నేను సరిచూసుకుని సంతకం పెట్టాను.

నాలుగున్నరకి వీడ్కోలు సభ. శాలువా కప్పారు. దండ వేశారు. మా సంస్థ చేసిన ప్లాస్టరు గుండెనే ఒకటి బహూకరించారు. చక్రధరంగారు మాట్లాడుతూ, మన చిత్రం తాలూకు రికార్డు నిర్వహణను పైవారు ఎంతో మెచ్చుకున్నారని, రాష్ట్రంలో మిగతా సంస్థలు దీన్ని ఆదర్శంగా తీసుకోవాలని లేఖ వచ్చిందని, చిత్రం సంగతి లేఖలో ప్రస్తావించలేదు కనుక దాన్ని గురించి మనం తొందరపడనవసరం లేదని చెప్పారు. అందరం చప్పట్లు కొట్టాం. నూకరాజు కూడా కొట్టాడు.

మిక్చరు పొట్లాలు పంచుతుండగా నేను లేచి నా గదికి వచ్చాను. ఫైలు ఆ రోజే మూసెయ్యాలి. నూట అరవై ఎనిమిది చీటీలు, వాటితోపాటు కనురెప్పదొకటి. రెప్పది తీసి విచారణ ఫైల్లో వేశాను. మిగతావాటికి ట్యాగు బిగించి, నంబర్లు వరసగా ఉన్నాయో లేదో చూడడానికి, ఫైలు అంచు బొటనవేలితో పట్టుకుని జరజరా వదిలాను. కట్టలో కాగితాలు సరిచూడటానికి గుమాస్తాలందరం చేసే పనే ఇది.

బంగారి చెయ్యెత్తింది.

నేను ఫైలు కింద పెట్టేశాను. చుట్టూ చూశాను. మళ్లీ పట్టుకుని వదిలాను. కుడివైపు మూలన ఫొటోలో ఆ పిల్ల చెయ్యి తొడ మీంచి లేచింది. ఆగింది. పక్కపిల్లలు చూస్తున్నారేమో అన్నట్టు. మళ్లీ కొంచెం లేచింది. అచ్చం బడిపిల్లలాగే. చెవి దాకా వచ్చి, అక్కడ ఒక్క క్షణం నిలిచి, ఎంత మెల్లిగా లేచిందో అంత మెల్లిగానూ దిగిపోయింది. అడగకుండా. ఇరవై రెండేళ్లలో ఒక ఫైలు చూసి నాకు కళ్లనీళ్లు రావడం అదే మొదలు.

సభలోంచి నూకరాజుని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. మెడలో దండ అలాగే ఉంది. కుర్చీలో కూర్చోబెట్టి ఫైలు చేతికిచ్చి, ఎలా వదలాలో చూపించాను.

ఆయన ఒకసారి చూశాడు. రెండోసారి చూశాడు. దండ తీసి బల్ల మీద పెట్టి మూడోసారి చూశాడు.

"కదిలిందండి," అన్నాడు.

"కదిలింది నూకరాజుగారూ." ఆయన్ని గారు అనడం అదే మొదలు.

"దించేసిందండి." చీటీల మీద వేలు అలాగే ఉంచాడు. "ఒక్క సెకనాగితే పూర్తిగా ఎత్తేసేదండి. పాపం, దించేసిందండి."

బంగారి నా బల్ల మీదే నిలబడి ఉంది, చేతులు కిందికి వేసుకుని, నోరు మూసుకుని. నేను లేచి తలుపు వేశాను. అది అద్దం తలుపు, వేసినా ఒకటే వెయ్యకపోయినా ఒకటే, కానీ వేశాను.

"ఆ పన్నెండు చీటీలూ ఎక్కడున్నాయి?" అన్నాను.

"జేబులోనే ఉన్నాయండి. కానీ సంతకాలు లేవు కదండీ."

"నేను పెడతాను. వస్తువు ఇప్పుడు నా అధీనంలో ఉంది. నిల్వ సరిచూచు నిమిత్తం వస్తువును అవసరమైన మేరకు కదల్చు అధికారం స్టోరు బాధ్యునికి కలదు. పై అనుమతి అవసరం లేదు. నిబంధన పద్నాలుగు."

నూకరాజు ఇంకేమీ వినలేదు. బంగారిని ఎత్తుకుని మోడల్ గదిలోకి పరిగెత్తాడు, ఫైలు పట్టుకుని వెనకాల నేనూ. యాభై ఎనిమిదేళ్ల మనిషి పరిగెత్తడం మా వరండాలో ఎవరూ చూడలేదు, అందరూ మిక్చరు దగ్గరున్నారు. మరలు బిగించాడు. ఎనభై నాలుగో చీటీలో ఫొటో ఎదురుగా పెట్టుకుని, మోచెయ్యి వేళ్లతో నిమురుతూ, చెయ్యిని చెవి దాకా తెచ్చాడు. తీగ కిర్రుమంది. తెగలేదు. అక్కడ్నుంచి రెండేసి మిల్లీమీటర్లు. ఆయన కదపడం, నేను సంతకం పెట్టడం. కారణము అన్న చోట ఆయన ఎప్పుడో రాసుంచాడు, పన్నెండింటిమీదా ఒకటే మాట, 'అడగడానికి'. పన్నెండోసారికి ఆ చిన్ని చెయ్యి తలకి పైన, నిటారుగా, వేళ్లు విప్పుకుని నిలబడింది.

ప్రింట్లు తీశాం. అంటించాం. నేను ఫైలు ట్యాగు విప్పాను. దించిన ఎనభై నాలుగూ బయటికి లాగి పక్కన పెట్టి, ఎత్తిన ఎనభై నాలుగు వెనకాల ఈ పన్నెండూ చేర్చి కట్టాను. ఫైల్లోంచి కాగితం తీయడం మా ఉద్యోగంలో ఎంత మహాపరాధమో మీకు తెలియదు. మొదటి ముడి వంకరగా పడింది, ఈసారి లక్క లేదు.

నూకరాజు బొటనవేలితో వదిలాడు. బంగారి చెయ్యి లేచింది, ఆగింది, లేచింది, చెవి దాటింది, పైకి వెళ్లింది, ఉంది. దిగలేదు. ఆయన గట్టిగా నవ్వేశాడు. ఆ నవ్వులోనే ఏడుపు కూడా వచ్చేసింది. శాలువాతో మొహం తుడుచుకుని మళ్లీ చూశాడు, మళ్లీ చూశాడు. ఎన్నిసార్లు చూశాడో నేను గమనించలేదు. నేనూ చూస్తున్నాను.

ఎప్పటికో తల ఎత్తి, "ఏవండీ, ఈ పద్నాలుగో రూలు కొత్తగా వచ్చిందాండీ?" అని అడిగాడు.

"లేదండి," అన్నాను.

"మరి ఎప్పట్నుంచుందండీ?"

"మొదట్నుంచీ ఉంది."

"ఏప్రిల్లో కూడా ఉందాండీ?"

"ఉంది."

నూకరాజు నాకేసి చూశాడు. ఆయన కళ్లలో కోపం ఉంటుందేమోనని వెతికాను. కోపం లేదు. కోపమే ఉంటే బాగుండేది.

"మరి చెప్పలేదేంటండీ?"

నా దగ్గర సమాధానం ఉంది. ఇరవై రెండేళ్లుగా నా స్టోరు కౌంటరు ముందుకు వచ్చినవాళ్లందరికీ చెప్పిన సమాధానమే, అలవాటుగా నోటి చివర దాకా వచ్చేసింది. మీరు అడగలేదండీ. ఆ మాట అనలేక, బల్ల మీద చెయ్యెత్తి నిలబడ్డ ఆ పిల్ల ఎదుట, తల దించుకుని నిలబడ్డాను.